చుట్టిల్లు, కొవ్వొత్తి, కాగితపు ముక్క: గాలి పాఠానికి ఒక తీర చరిత్ర

తునికి ఎదుటి ఒడ్డున పాయకరావుపేటను ఒరుసుకుంటూ సాగే తాండవ నది పెంటకోట వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. అక్కడి నుంచి ఉత్తరంగా శ్రీకాకుళం దాకా సాగే తీరపల్లెలలో ఒకప్పుడు విరివిగా కనిపించిన చుట్టిల్లు, అనగా గుండ్రని మట్టిగోడపై శంకువు ఆకారపు తాటాకు లేదా గడ్డి కప్పును నిలిపి, చూరును నేలకు చేరువగా దించిన ఇల్లు, వస్తువుల చుట్టూ గాలి ఎలా పారుతుందో అనుభవంతో ఎరిగినవారి నిర్మాణంగా కనబడుతుంది. మూలలు లేని గోడను తాకిన గాలి రెండు పాయలుగా చీలి పక్కలనుంచి జారిపోతుంది. చూరు కిందికి దూరి కప్పును పైకెత్తడానికి దానికి సందు దొరకడం కష్టం.

ఇదే సంగతిని తరగతి గదిలో చూపే ప్రయోగానికి ఒక సీసా, ఒక కొవ్వొత్తి, ఒక పోస్టుకార్డు చాలు. వెలిగించిన కొవ్వొత్తికి ముందు సీసాను నిలిపి ఇవతలి నుంచి ఊదితే, గాలి గుండ్రని ఒంటిని అంటిపెట్టుకొని వెనక్కి చేరి మంటను ఆర్పేస్తుంది. సీసా స్థానంలో కార్డును నిలిపితే మంట ఆరకపోగా ఊదేవారి వైపే వాలుతుంది, ఎందుకంటే పదునైన అంచుల వద్ద ప్రవాహం ఉపరితలాన్ని వదిలేసి, వెనుక సుడులు తిరుగుతూ కార్డు వైపే మళ్లుతుంది. ఇలా విడివడడానికి కారణాన్ని 1904లో జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ ప్రాంటల్ వివరించాడు. వస్తువును ఆనుకొని రాపిడి వల్ల నెమ్మదించే పలుచని పొరను, అంటే నేడు సరిహద్దు పొర అంటున్నదాన్ని, ఆయన గుర్తించాడు. అందుకు వాడిన సాధనం సైతం చేత్తో తిప్పే చక్రంతో నీటిని పారించి, అందులో మెరిసే రేణువులు చల్లి చూసే తొట్టి మాత్రమే. అంతకు మూడేళ్ల ముందు, 1901లో, రైట్ సోదరులు రెక్కల నమూనాలను పరీక్షించిన గాలి సొరంగం కూడా ఆరడుగుల చెక్కపెట్టే; గాలి ఒత్తిడిని తూచే త్రాసులను వారు రంపపు బ్లేడ్లతో, సైకిలు పుల్లలతో చేసుకున్నారు. ఈ శాస్త్రంలో చవక పరికరం బడిపిల్లల కోసం కుదించిన నకలు కాదని, పరిశోధనే అక్కడ మొదలైందని దీన్నిబట్టి చెప్పవచ్చు.

బళ్లకు చేరేసరికి ప్రయోగం నిలిచింది గానీ వివరణ చెడింది. ఎన్‌సీఈఆర్‌టీ 2007లో వెలువరించిన ఏడో తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకంలో గాలులు, తుపానుల పాఠం ఉండేది. కాగితపు ముక్కను పెదవుల దగ్గర పట్టుకొని పైనుంచి ఊదితే అది లేస్తుందని, వేగం పెరిగితే పీడనం తగ్గుతుందని, బలహీనమైన ఇంటికప్పులు ఎగిరిపోయేది అందువల్లనేనని అది చెప్పింది. కప్పు దాకా ఆలోచనను తీసుకువెళ్లడం మెచ్చదగినదే. అయితే వేగానికీ పీడనానికీ మధ్య 1738లో డానియల్ బెర్నూలీ చూపిన సంబంధం ఒకే ప్రవాహంలోని రెండు చోట్లకు వర్తిస్తుందే తప్ప, నోటి నుంచి వచ్చే ఊపిరికీ గదిలో నిలిచి ఉన్న గాలికీ మధ్య కాదు. వంగిన కాగితాన్ని అంటుకొని పారే ఊపిరి తానూ వంగుతుంది. ప్రవాహం వంగాలంటే వంపు లోపలి వైపు పీడనం తగ్గి ఉండాలి, కాగితం లేచేది ఆ తేడా వల్ల. అదే కాగితాన్ని నిటారుగా వేలాడదీసి ఒక పక్కనుంచి ఊదితే అది దాదాపు కదలదు. కేంబ్రిడ్జిలోని హోల్గర్ బాబిన్‌స్కీ 2003లో ఉపాధ్యాయుల కోసం రాసిన వ్యాసంలో చర్చించినది ఈ పొరపాటునే. ఇంటికప్పు విషయంలోనూ కొప్పు మీద వంగే గాలి పైకి లాగడమే కాక, విరిగిన తలుపు గుండా లోపలికి చొరబడిన గాలి కింది నుంచి నెట్టడం కూడా ఉంటుంది.

2022లో పాఠ్యభారం తగ్గించే పేరుతో ఆ పాఠాన్నే తొలగించారు. సముద్రానికి దూరంగా ఉన్న బడికి అది పెద్ద లోటు కాకపోవచ్చు గానీ, 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపానుకూ, 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్‌కూ మధ్యనున్న పాయకరావుపేట తీరానికి, తప్పు వివరణను సరిదిద్ది నిలుపుకోవలసిన పాఠం అది.