శాంతి సేనల జమాఖర్చు

ఫ్యాక్టరీకి చెరకు తోలిన రైతుకు 14 రోజుల్లో డబ్బు ముట్టాలి. జాప్యం జరిగితే ఏటా 15 శాతం చొప్పున వడ్డీ కట్టివ్వాలి. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెప్పే మాట ఇది. ఆచరణలో అది ఎంతవరకు నిలబడుతోందో అనకాపల్లి చుట్టుపక్కల ఏ చెరకు రైతును అడిగినా చెబుతాడు. సరుకు ముందు, సొమ్ము తర్వాత అన్న బేరంలో బరువంతా సరుకిచ్చినవాడిదే.

ఐక్యరాజ్యసమితి శాంతి సేనలు నడిచేదీ ఈ బేరం మీదే. సమితికి సొంత సైన్యం లేదు. సభ్యదేశాలు సైనికులనూ వాహనాలనూ ముందు పంపి, ఖర్చు తర్వాత రాబట్టుకుంటాయి. ఆ పద్దును ఎవరు చూడాలి, ఎప్పటిలోగా చూడాలి అన్నది తేలడానికి సమితికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది.

1945 నాటి సమితి ఛార్టర్‌లో ‘శాంతి పరిరక్షణ’ అన్న మాటే కనిపించదు. బడ్జెట్‌ను జనరల్ అసెంబ్లీ ఆమోదిస్తుంది, ఖర్చు సభ్యదేశాలు భరిస్తాయి అని 17వ అధికరణం చెప్పి ఊరుకుంది. 1948లో పాలస్తీనాకు, 1949లో కశ్మీర్‌కు వెళ్లిన పరిశీలకులు కొద్దిమందే కాబట్టి సాధారణ బడ్జెట్‌తోనే సరిపోయింది. ఆ రెండింటి ఖర్చు నేటికీ అందులోంచే వస్తుంది. 1956లో సూయజ్ సంక్షోభానికి వేలమంది సైనికులు కావలసి రావడంతో ప్రత్యేక ఖాతా తెరిచారు. పేచీ అక్కడే మొదలైంది.

1960లో కాంగోకు వెళ్లిన సేన ఒక దశలో 20 వేలకు చేరింది. భారత్ ఒక బ్రిగేడ్‌నే పంపింది, 39 మందిని పోగొట్టుకుంది. ఇటు ప్రాణాలు పోతుండగా అటు సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ కాంగో ఖర్చులో తమ వాటా కట్టబోమన్నాయి. సమితి 20 కోట్ల డాలర్ల బాండ్లు జారీ చేయడానికి సిద్ధపడింది. ఈ సేనల ఖర్చు సభ్యదేశాలు కట్టవలసినదేనని 1962 జూలై 20న అంతర్జాతీయ న్యాయస్థానం 9–5 ఆధిక్యంతో అభిప్రాయం చెప్పింది. అయినా డబ్బు రాలలేదు. రెండేళ్ల వాటాకు సమానమైన బకాయి పడితే అసెంబ్లీలో ఓటుహక్కు పోతుందని 19వ అధికరణం అంటుంది. దాన్ని అమలు చేస్తే సమితే చీలిపోతుందన్న భయంతో, 1964 సమావేశాలను ఓటింగ్ జోలికి పోకుండా గడిపేశారు. చివరికి 1973లో పేద దేశాలకు తక్కువ, భద్రతామండలి శాశ్వత సభ్యులకు ఎక్కువ అంటూ వాటాలు విడదీశారు.

ఎవరెంత కట్టాలో తేలింది కానీ, లెక్క ఎప్పుడు చూడాలో తేలలేదు. 1993లో శాంతి సైనికుల సంఖ్య 78 వేలకు చేరువైంది. ఏ మిషన్ గడువు దానిది, ఏ మిషన్ బడ్జెట్ దానిది. ఏడాది పొడవునా ఏదో ఒక పద్దు ముందుకొస్తూనే ఉండేది. ఆ గందరగోళం మధ్య 1994 ఏప్రిల్‌లో సోమాలియా రాజధాని మొగదిషులో, సమితి ఆవరణలోనే, ఫైళ్లు పెట్టుకునే బీరువాలో దాచిన 39 లక్షల డాలర్ల నగదు మాయమైంది. అదే ఏడాది జూలైలో అంతర్గత పర్యవేక్షణ కార్యాలయం ఏర్పడింది. డిసెంబర్‌లో అన్ని ప్రత్యేక ఖాతాల మిషన్లకూ ఒకే ఆర్థిక సంవత్సరం ఖాయమైంది: జూలై 1 నుంచి జూన్ 30 వరకు. సెక్రటరీ జనరల్ బడ్జెట్ ప్రతిపాదన ముందు అసెంబ్లీకి సలహా ఇచ్చే సంఘం చేతికి వెళ్తుంది. తర్వాత మే, జూన్ నెలల్లో అసెంబ్లీ అయిదో కమిటీ దాన్ని పద్దు పద్దుగా గాలిస్తుంది. ఖర్చయినదాన్ని ఆడిటర్ల బోర్డు తనిఖీ చేస్తుంది.

తనిఖీ క్షేత్రంలోకీ దిగింది. 1996లో వచ్చిన కొత్త పద్ధతిలో, దేశాలు తెచ్చిన సామగ్రిని సమితి అద్దె లెక్కన తీసుకుంటుంది. ఇన్‌స్పెక్టర్లు మూడు నెలలకోసారి శిబిరానికి వచ్చి ట్రక్కులు, జనరేటర్లు లెక్కపెడతారు. కదలని ట్రక్కు చెల్లింపు లెక్కలోకి రాదు.

ఈ పద్దుల్లో మన దేశానిది రెండు వైపులా చెయ్యి. 1950ల నుంచి 2 లక్షల 90 వేలమందికి పైగా సైనికులను పంపింది. 1993–99లోనూ, 2014–20లోనూ కాగ్ ఆడిటర్ల బోర్డులో కూర్చుని ఆ ఖర్చునే తనిఖీ చేసింది. అటు సైనికుడికి నెలకు ఇచ్చే రేటు మాత్రం 2002 తర్వాత పదేళ్లకు పైగా 1,028 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. 2014 జూలైలో గానీ కొత్త రేటు రాలేదు. 2019 మార్చి నాటికి సమితి భారత్‌కు బాకీ పడింది 3.8 కోట్ల డాలర్లు. అదే ఏడాది జూలైలో ఒక మిషన్ నగదును మరో మిషన్ వాడుకోవడానికీ, వాటాల నోటీసులు ఏడాదికి సరిపడా ఒకేసారి పంపడానికీ అసెంబ్లీ ప్రయోగాత్మకంగా ఒప్పుకుంది.

అయినా 2025 అక్టోబర్‌లో, వాటాల సొమ్ము రాక, తొమ్మిది మిషన్లలో సుమారు నాలుగో వంతు సైనికులను తగ్గిస్తున్నట్టు సమితి ప్రకటించింది. బడ్జెట్ వేళకే పాసైంది, ఆడిట్ సాగుతూనే ఉంది, లేనిది డబ్బు. పద్దు చూడటానికి గడువు పెట్టుకున్న సమితి, వాటా ఎగ్గొట్టేవారికి వడ్డీ మాత్రం పెట్టలేదు. చెరకు రైతుకు కాగితం మీదైనా ఉన్న ఆ 15 శాతం, శాంతి సైనికుడిని పంపిన దేశానికి కాగితం మీద కూడా లేదు.