సంచిత మొత్తం (స్ప్రెడ్‌షీట్)

స్ప్రెడ్‌షీటులో మొదటి పద్దు నుండి ప్రస్తుత పద్దు వరకు గల విలువల కూడికను సంచిత మొత్తం అంటారు. బ్యాంకు పాసుపుస్తకంలోని నిల్వ దీనికి ఉదాహరణ. 500, 300, 200 అను పద్దులకు సంచిత మొత్తాలు వరుసగా 500, 800, 1000.

పద్ధతులు

మొదటి అడ్డువరుసలో శీర్షికలు, బి నిలువు వరుసలో పద్దులు, సి నిలువు వరుసలో మొత్తాలు ఉన్నవనుకొనిన:

* పై మొత్తానికి కలుపుట: సి2లో బి2 విలువను, సి3లో సి2, బి3ల కూడికను వ్రాసి, సి3లోని సూత్రాన్ని క్రిందికి నింపవలెను.
* పరిధిని కూడుట: సి2లో 'సమ్' ఫంక్షనుకు బి2 నుండి బి2 వరకు పరిధిగా ఇచ్చి, మొదటి బి2లోని 2కు ముందు డాలరు గుర్తు ఉంచవలెను. క్రిందికి నింపినపుడు పరిధి ఆరంభం కదలదు. ముగింపు మాత్రమే జరుగుతుంది.

గుణదోషాలు

మొదటి పద్ధతిలో నడుమ ఒక వరుసను తొలగించినచో దాని క్రింది మొత్తాలన్నీ రిఫరెన్సు దోషాన్ని చూపుతాయి. నడుమ కొత్త వరుసను చొప్పించుట మరింత ప్రమాదకరం. క్రింది సూత్రం పాత గడినే చూస్తూ కొత్త పద్దును విడిచిపెడుతుంది. గడిలో దోషానికి బదులు సంఖ్యే కనబడుటచే చివరి నిల్వ తప్పినట్లు తెలియదు. అపుడు సూత్రాన్ని పైనుండి తిరిగి నింపవలెను.

రెండవ పద్ధతిలో ఈ చిక్కులు లేవు. అయితే ప్రతి మొత్తమూ మొదటినుండి కూడబడుట వలన 1,000 వరుసలకు 5,00,500 విలువలను చదవవలసి ఉంటుంది. కనుక పెద్ద పట్టికలు నెమ్మదిస్తాయి.