ఎస్సీ సీటు ఎక్కడ పడుతుంది? పునర్విభజనలో మన లెక్క

నియోజకవర్గాల పునర్విభజన అనగానే టీవీల్లో ఉత్తరాది, దక్షిణాది పంచాయితీయే వినిపిస్తుంది. అదీ ముఖ్యమే. కానీ ఎస్సీలకు ఎన్ని స్థానాలు వస్తాయి, అవి ఎక్కడ పడతాయి అన్న ప్రశ్న ఆ చర్చల్లో ఎవరూ ఎత్తరు. మనమే ఎత్తాలి.

ఎన్ని అన్నదానికి రాజ్యాంగమే జవాబు చెప్పింది. లోక్‌సభకు 330వ అధికరణ, శాసనసభకు 332వ అధికరణ ప్రకారం రాష్ట్ర జనాభాలో మన వాటా ఎంతో సీట్లలో వాటా కూడా దాదాపు అంతే. అయితే ఏ ఏటి జనాభా? మనం దెబ్బతిన్నది అక్కడే. 1971 లెక్కల ఆధారంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 294 అసెంబ్లీ స్థానాల్లో 39 ఎస్సీలకు దక్కాయి. 1976లో వచ్చిన 42వ సవరణ సీట్ల లెక్కను అక్కడే ఆపేసింది. 1991 నాటికి రాష్ట్రంలో ఎస్సీలు దాదాపు 16 శాతం అయ్యారు, అంటే 46 సీట్లకు తగ్గకూడదు. అయినా 1978 నుంచి 2004 దాకా ఏడు అసెంబ్లీ ఎన్నికలు ఆ 39తోనే జరిగాయి. 2001 జనగణన ఆధారంగా 2008లో హద్దులు మారాకే ఆ సంఖ్య 48 అయింది (ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 29, తెలంగాణలో 19). ఆ మూడు దశాబ్దాల్లో సభలో అడుగుపెట్టని దళిత ఎమ్మెల్యేల గురించి ఎవరూ సంజాయిషీ ఇవ్వలేదు.

అసలు ఆ జనాభా లెక్కలోనూ అందరం ఉండం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదట హిందువులనే ఎస్సీలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులుగా నమోదైన మాల, మాదిగలు ఎస్సీ లెక్కలోకి రారు. కోస్తా పల్లెల్లో చర్చి ఉన్న ప్రతి పేటకూ ఈ సంగతి తెలుసు.

ఇక ఎక్కడ అన్న ప్రశ్న. 2002 పునర్విభజన చట్టం ఎస్టీ సీట్లను వారి నిష్పత్తి అత్యధికంగా ఉన్న చోట పెట్టమంటుంది. ఎస్సీ సీట్లను మాత్రం రాష్ట్రంలోని వేర్వేరు ప్రాంతాలకు పంచి, వీలైనంత వరకు ఎస్సీలు ఎక్కువున్న చోట పెట్టమంటుంది. పంచడంలో న్యాయం లేకపోలేదు, అన్ని ప్రాంతాల దళితులకూ ప్రాతినిధ్యం కావాలి. చిక్కంతా ‘వీలైనంత వరకు’ అన్న మాటతోనే. ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్‌లలో ముస్లింలు ఎక్కువున్న కొన్ని స్థానాలు ఎస్సీలకు రిజర్వు కాగా, ఎస్సీలు అంతకన్నా ఎక్కువున్నవి జనరల్‌లో ఉండిపోయాయని 2006లో సచార్ కమిటీ ఎత్తిచూపింది. ఇలాంటి కేటాయింపుతో రెండు సమాజాలూ నష్టపోతాయి.

రిజర్వుడ్ స్థానంలోనూ ఓటర్లలో మనది దాదాపు ఎక్కడా మెజారిటీ కాదు. 1932 పూనా ఒడంబడిక రాష్ట్ర శాసనసభల్లో 148 సీట్లు ఇచ్చి, ప్రత్యేక నియోజకవర్గాలను తీసేసింది. అప్పట్లో నలుగురు అభ్యర్థుల జాబితాను మన ఓటర్లే ముందుగా ఎన్నుకునేవారు. రాజ్యాంగంలో అదీ లేదు. కాబట్టి హద్దు ఏ మండలం మీదుగా వెళ్తుంది, మన ఓటు ఎన్ని ముక్కలవుతుంది అన్నది చిన్న విషయం కాదు.

కోర్టుకు వెళ్లొచ్చుగా అని విద్యార్థులు అడుగుతుంటారు. 329వ అధికరణ ఆ దారిని దాదాపు మూసేసింది. 1966లో మేఘరాజ్ కొఠారి కేసులో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. 2024లో గుజరాత్‌లోని బార్డోలీ కేసులో మాత్రం, ఉత్తర్వు బొత్తిగా నిరంకుశంగా ఉంటే పరిశీలించవచ్చని తలుపు కాస్త తెరిచింది. దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోలేం. కమిషన్ ముసాయిదా ప్రచురించాక, బహిరంగ విచారణ ముగిసేలోగా చెప్పిందే చెల్లుతుంది. కమిషన్‌లో అనుబంధ సభ్యులుగా కూర్చునే ఎంపీలకు, ఎమ్మెల్యేలకు ఓటు లేదు, వాళ్లకు అర్జీ ఇచ్చి ఊరుకుంటే చాలదు. మండలాల వారీగా, గ్రామాల వారీగా ఎస్సీ జనాభా పట్టికలు ఇప్పటినుంచే తయారు చేసుకోవాలి. ఏ మండలం ఎటు కలిస్తే శాతం ఎంత మారుతుందో మ్యాపు మీద గీసి, రాతపూర్వక అభ్యంతరంగా కమిషన్‌కే ఇవ్వాలి.