ఫ్లింట్ నీళ్లు, ఒక ఉద్యోగి మెమో

ఈసారి ఎపిసోడ్‌లో అమెరికాలోని ఫ్లింట్ ఊరి నీళ్ల కథ విన్నారు కదా. అందులో పేరు ఒక్కసారి వినిపించి వెళ్లిపోయిన ఒకాయన గురించి ఇక్కడ ఇంకొంచెం చెప్పుకుందాం. మిగెల్ డెల్ టోరల్. అప్పట్లో కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ చికాగో ఆఫీసులో తాగునీటి నిబంధనలు చూసే ఉద్యోగి.

2014 ఏప్రిల్‌లో, ఖర్చు తగ్గుతుందని, ఫ్లింట్‌కి డెట్రాయిట్ నీళ్లు ఆపి పక్కనున్న నది నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ నీళ్లు పైపుల్ని తినేస్తాయి. తినకుండా ఫాస్ఫేట్ లాంటి మందు కలపాలి. కలపలేదు. పాత పైపుల్లోని సీసం కుళాయిలోకి దిగింది. నలుగురు పిల్లల తల్లి లీయాన్ వాల్టర్స్ ఇంట్లో లీటరుకి 104 మైక్రోగ్రాములు తేలింది, ఆ తర్వాత 397. ఊరి శాంపిళ్లలో పదో వంతుకి మించి 15 దాటితేనే చర్య తీసుకోవాలి!

డెల్ టోరల్ ఫోన్లతో సరిపెట్టుకోలేదు, ఆ ఇంటికి వెళ్లి పైపులు చూశాడు. లోపలివి ప్లాస్టిక్‌వి. అంటే సీసం వస్తున్నది వీధి లైన్ నుంచి. 2015 జూన్ 24న పైవాళ్లకి మెమో రాశాడు: మందు కలపడం లేదు, పైగా శాంపిల్ పట్టేముందు కుళాయి కాసేపు వదలమంటున్నారు, అందుకే సీసం తక్కువ కనిపిస్తోంది అని. ఒక కాపీ వాల్టర్స్‌కీ ఇచ్చాడు. ఆమె నుంచి అది పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ విలేకరికి చేరి, జూలైలో బయటపడింది.

రాష్ట్ర పర్యావరణ శాఖ ప్రతినిధి ఆయన్ని దారి తప్పిన ఉద్యోగి అన్నాడు. ఈపీఏ ప్రాంతీయ అధికారి సుసాన్ హెడ్మన్ మేయర్‌కి క్షమాపణ చెప్పింది. నీళ్ల గురించి కాదు, మెమో బయటికి పొక్కినందుకు.

చట్టం లేక కాదు. తప్పు చెప్పిన కేంద్ర ఉద్యోగుల రక్షణకి 1989లోనే చట్టం వచ్చింది. తాగునీటి చట్టంలోనూ ఆ రక్షణ ఉంది, కాకపోతే కక్ష సాధిస్తే 30 రోజుల్లో కార్మిక శాఖకి ఫిర్యాదు చేయాలి. ఉద్యోగం మీదే వీసా నిలబడే మనకి ఆ 30 రోజులు ఎంత ఇరుకో వేరే చెప్పక్కర్లేదు. అందుకే జెఫ్ డిబోనిస్ అనే మాజీ అటవీ ఉద్యోగి 1990లలో పీర్ అనే సంస్థ పెట్టాడు. పర్యావరణ శాఖల ఉద్యోగుల పేరు బయటపడకుండా, వాళ్ల దగ్గరున్న నిజాన్ని బయటపెట్టడం దాని పని.

డెల్ టోరల్‌కి మాత్రం అండ బయటివాళ్ల నుంచే దొరికింది. వర్జీనియా టెక్ ప్రొఫెసర్ మార్క్ ఎడ్వర్డ్స్ బృందం వందల ఇళ్ల నీళ్లు పరీక్షించింది. సెప్టెంబర్‌లో పిల్లల డాక్టర్ మోనా హన్నా అటీషా పిల్లల రక్తంలో సీసం పెరిగిందని లెక్కలతో చూపించింది. అక్టోబర్ 16న ఊరు మళ్లీ డెట్రాయిట్ నీళ్లకి మారింది. మెమో రాసిన రోజు నుంచి లెక్కేస్తే 114 రోజులు. అన్నాళ్లూ కుళాయిల్లో అవే నీళ్లు వచ్చాయి.