బయటికి పంపిన నీరు: సంఘనన పాలిమర్ల చరిత్రపై ఒక పరిశీలన

ప్రవేశిక

సంఘనన పాలిమరీకరణాన్ని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో నిర్వచిస్తాయి. రెండేసి ప్రమేయ సమూహాలున్న అణువులు ఒకదానితో ఒకటి కలుస్తూ, ఏర్పడే ప్రతి బంధానికీ నీటివంటి ఒక చిన్న అణువును విడిచిపెడుతూ పొడవైన గొలుసులుగా మారడమే ఈ చర్య. ఈ నిర్వచనంలో నీరు ఒక ఉపఉత్పన్నం మాత్రమే. అయితే 1907 నుంచి 1941 వరకు జరిగిన పరిశోధనలను వరుసగా పరిశీలిస్తే రెండు ప్రశ్నలు ప్రధానంగా కనిపిస్తాయి. ఆ నీటిని పూర్తిగా తొలగించడం ఎలా? తొలగిన నీరు తిరిగి వచ్చి బంధాన్ని తెంచకుండా చూడడం ఎలా? ఈ పదార్థాల చరిత్రను చాలావరకు నడిపించినవి ఈ ప్రశ్నలేనని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

బేకలైట్: నిర్మాణం తెలియని విజయం

ఫినాల్, ఆల్డిహైడ్‌ల కలయికతో జిగురువంటి పదార్థం ఏర్పడుతుందని 1872లోనే అడాల్ఫ్ ఫన్ బేయర్ గమనించాడు. స్ఫటికీకరణకు లొంగని అటువంటి పదార్థాలపై ఆనాటి రసాయనశాస్త్రవేత్తలకు ఆసక్తి ఉండేది కాదు. ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌ల మిశ్రమాన్ని వేడిచేసినప్పుడు వెలువడే ఆవిరి ఆ ముద్దను నురగలా పొంగించి, బుడగలతో నింపేది. లియో బేక్‌లాండ్ ఆ మిశ్రమాన్ని మూసిన పాత్రలో అధిక పీడనం కింద వేడిచేసి ఈ దోషాన్ని అధిగమించాడు. 1907లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1909లో తన ఆవిష్కరణను ప్రకటించాడు. ఫినాల్ అణువులో చర్యకు అనువైన స్థానాలు మూడు ఉండడంవల్ల గొలుసులు అడ్డంగా కూడా ముడిపడి జాలకంగా మారతాయి. అందువల్ల ఒకసారి గట్టిపడిన బేకలైట్ మళ్లీ కరగదు. విద్యుత్ స్విచ్చులకు, టెలిఫోన్ పరికరాలకు అది అనువైనది కావడానికి ఈ గుణం, విద్యుత్ నిరోధకతే కారణాలు. అయితే ఆ పదార్థపు అణునిర్మాణం ఏమిటో అప్పటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు.

బృహదణు వివాదం, కరోథర్స్ పద్ధతి

రబ్బరు, సెల్యులోజ్ వంటివి చిన్న అణువుల సముదాయాలేనని 1920ల నాటి రసాయనశాస్త్రవేత్తల్లో చాలామంది భావించేవారు. అవి సాధారణ సంయోజనీయ బంధాలతో ఏర్పడిన పొడవైన అణువులని 1920లో హెర్మాన్ స్టౌడింగర్ ప్రతిపాదించాడు. 1928లో డ్యూపాంట్ సంస్థలో చేరిన వాలెస్ కరోథర్స్ ఇదే ప్రశ్నను మరో దిశనుంచి పరిశీలించాడు. ప్రకృతి పదార్థాలను విడదీసి చూడడానికి బదులు, బాగా తెలిసిన చర్యలతో పొడవైన అణువును మెట్టుమెట్టుగా నిర్మించాడు. ఆమ్లం, ఆల్కహాల్ కలిస్తే ఎస్టర్ వస్తుందన్నది నిర్వివాదం. కాబట్టి ద్విఆమ్లం, ద్విఆల్కహాల్ కలిసి ఏర్పరచే గొలుసులోని బంధం కూడా నిర్వివాదమే. పాలిమర్లను సంకలన, సంఘనన వర్గాలుగా విభజించిన ఆయన వ్యాసం 1929లో వెలువడింది.

అయితే ఆ గొలుసుల అణుభారం కొన్ని వేలు దాటలేదు. ఎస్టరీకరణం ద్విగత చర్య కావడమే దీనికి కారణం. వెలువడిన నీరు అక్కడే ఉంటే చర్య సమతాస్థితికి చేరి ఆగిపోతుంది. కరోథర్స్ పేరుతో ప్రసిద్ధమైన సమీకరణం ప్రకారం, రెండు రకాల సమూహాలు సమానంగా ఉన్నప్పుడు, చర్య 95 శాతం పూర్తయితే గొలుసులో సగటున 20 యూనిట్లే ఉంటాయి. 99 శాతానికి 100, 99.5 శాతానికి 200 యూనిట్లు ఉంటాయి. అంటే గొలుసు పొడవును నిర్ణయించేది చివరి ఒకటి రెండు శాతం చర్యే. అధిక శూన్యంలో పనిచేసే అణుస్వేదన పరికరంతో నీటిని వెంటవెంటనే తొలగించి, 1930 ఏప్రిల్‌లో జూలియన్ హిల్ 12,000కు మించిన అణుభారం గల పాలీఎస్టర్‌ను సాధించాడు. ఆ ద్రవంనుంచి లాగిన పోగును చల్లారాక మరింత సాగదీస్తే, అణువులు ఒకే దిశలో అమరి దృఢమైన, మెరిసే దారమైంది.

నైలాన్ నుంచి టెరిలీన్ వరకు

ఆ పాలీఎస్టర్లు తక్కువ ఉష్ణోగ్రత వద్దే కరిగేవి. నీటి ప్రభావానికీ లోనయ్యేవి. అందువల్ల అవి వస్త్రానికి పనికిరాలేదు. 1934లో కరోథర్స్ బృందం ఎమైడ్ బంధంవైపు మళ్లింది. గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడడంవల్ల పాలీఎమైడ్లు అధిక ఉష్ణోగ్రతను తట్టుకుంటాయి. 1935 ఫిబ్రవరి 28న హెక్సామిథిలీన్ డైఎమీన్, అడిపిక్ ఆమ్లాలతో తయారైన నైలాన్ 66 సుమారు 265 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. 1937లో, 41 ఏళ్ల వయసులో మరణించిన కరోథర్స్, 1938 అక్టోబరులో వెలువడిన నైలాన్ ప్రకటనను చూడలేదు. 1940 మేలో అమెరికా అంతటా నైలాన్ మేజోళ్ల అమ్మకం మొదలైంది. యుద్ధకాలంలో ఆ దారం పారాచూట్లకు మళ్లింది.

విఫలమైందనుకున్న పాలీఎస్టర్‌ను 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్‌లు పునరుద్ధరించారు. వారు టెరిథాలిక్ ఆమ్లాన్ని ఎంచుకోవడంతో గొలుసులోకి బెంజీన్ వలయం చేరింది. దానివల్ల గొలుసు బిరుసెక్కి, ద్రవీభవన స్థానం సుమారు 260 డిగ్రీలకు పెరిగింది. నీటికి తట్టుకునే గుణమూ హెచ్చింది. అదే టెరిలీన్. తరువాతి దశాబ్దాల్లో టెరిలిన్, టెరికాటన్ అన్న మాటలు తెలుగునాట కూడా వాడుకలోకి వచ్చాయి. పానీయాల సీసాలకు వాడే పెట్ కూడా రసాయనికంగా ఈ పదార్థమే.

ముగింపు

ఈ వాదానికి ఒక పరిమితి ఉంది. 1938లో జర్మనీలో పాల్ ష్లాక్ కాప్రోలాక్టమ్ వలయాన్ని విప్పి నైలాన్ 6ను రూపొందించాడు. వలయం విప్పి గొలుసుగా పేర్చే ఈ పద్ధతిలో ప్రతి బంధానికీ ఒక నీటి అణువు వెలువడదు. అయినా ఏర్పడేది ఎమైడ్ బంధమే. పాలిమర్లను చర్యావిధానాన్ని బట్టి వర్గీకరించాలన్న పాల్ ఫ్లోరీ వాదానికి ఇటువంటి ఉదాహరణలు బలం చేకూర్చాయి.

అయినప్పటికీ నీటి పాత్ర తగ్గలేదు. పెట్ గుళికలను ముందుగా ఆరబెట్టకుండా కరిగిస్తే, తేమ గొలుసులను తెంచి సీసాను బలహీనపరుస్తుంది. అదే చర్యను ఉద్దేశపూర్వకంగా నడిపితే వాడిన సీసానుంచి మూలపదార్థాలను తిరిగి పొందవచ్చు. కర్బన గొలుసు మాత్రమే గల పాలిథీన్‌కు ఈ సౌలభ్యం లేదు. పాలీగ్లైకోలిక్ ఆమ్లపు శస్త్రచికిత్స దారాలు శరీరంలోని నీటితోనే క్రమంగా విడిపోతాయి. 1930లో పాలీఎస్టర్‌ను వస్త్రానికి దూరం చేసిన లోపాల్లో ఒకటి ఈనాడు ఒక ఉపయోగంగా మారింది. సంఘనన పాలిమర్లను బోధించేటప్పుడు సమీకరణపు కుడివైపున ఉన్న నీటి అణువును ఉపఉత్పన్నంగా మాత్రమే చూపి వదిలేస్తే, ఈ చరిత్రలో ముఖ్యభాగం విద్యార్థికి అందకుండా పోతుంది.