130 డిగ్రీల దగ్గర: పీఐడీ కంట్రోలర్ కథ

సూరత్ పేరు తెలుగువారికి కొత్త కాదు. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వెళ్ళి అక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో. ఉధ్నా వంటి పారిశ్రామిక వాడల్లో మగ్గం దిగిన పాలిస్టర్ గుడ్డ తర్వాత అద్దకపు మిల్లుకు చేరుతుంది. మన పాఠం అక్కడ మొదలవుతుంది.

పాలిస్టర్‌కు మామూలు మరుగునీటిలో రంగు సరిగా పట్టదు. మూసిన యంత్రంలో, పీడనం కింద, నీటిని 130 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తారు. చేరితే చాలదు, ఎలా చేరామన్నదీ ముఖ్యమే. 90 డిగ్రీలు దాటాక రంగు పోగులోకి చురుగ్గా ఎక్కుతుంది. ఆ దశలో వేడి నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల చొప్పున నిదానంగా పెరగాలి. ఎగిరి దూకినా, పైకీ కిందికీ ఊగినా రంగు సమంగా పట్టదు. ఆ విడతలో వేసిన గుడ్డంతా మళ్ళీ అద్దకానికి పోవలసిందే.

ఆవిరి వాల్వును పూర్తిగా తెరిచి, పూర్తిగా మూసే సాధారణ థర్మోస్టాట్ ఇక్కడ పనికిరాదు. వాల్వు మూసినా గొట్టాల్లో మిగిలిన వేడి నీటిని ఇంకా పైకి లాగుతుంది. ఇంకెంత తక్కువ ఉందో అంత మేరకే వాల్వు తెరవడం అనుపాత చర్య. ఇది మెరుగే కానీ, లక్ష్యానికి కాస్త ఇవతలే ఆగిపోతుంది. మిగిలిన ఆ లోటును కాలంతో పాటు కూడబెట్టి సరిదిద్దేది సమాకలన చర్య. ఎంత వేగంగా మారుతోందో చూసి ముందే పగ్గం వేసేది అవకలన చర్య. ఈ మూడింటి కలయికను 1922లో మినోర్‌స్కీ గణితంగా రాశాడు. అది వేడి కోసం కాదు, ఓడ చుక్కాని కోసం!

మరి మూడు మీటలనూ ఎంతెంత తిప్పాలి? విన్‌ఫీల్డ్, డిక్సన్ ఇంగ్లండులో పాలిస్టర్ నూలును కనుగొన్నది 1941లో. ఆ మరుసటి ఏడే అమెరికాలో, టేలర్ ఇన్‌స్ట్రుమెంట్ సంస్థలో పనిచేసే జీగ్లర్, నికోల్స్ ఈ ప్రశ్నకు జవాబు ప్రచురించారు. సమాకలన, అవకలన చర్యలను ఆపండి. ఉష్ణోగ్రత ఒకే తీరున ఊగేదాకా అనుపాత గుణకాన్ని పెంచండి. ఆ గుణకం 10, ఒక ఊగుకు పట్టే కాలం 80 సెకన్లు అనుకుందాం. అనుపాత గుణకం అందులో 0.6 వంతు, అంటే 6. సమాకలన కాలం సగం, 40 సెకన్లు. అవకలన కాలం ఎనిమిదో వంతు, 10 సెకన్లు.

దీని గొప్పదనమల్లా ఒక్కటే: గణితం రాని కార్మికుడు కూడా గడియారం పట్టుకుని చేయగలడు. కానీ ఈ అంకెలు కొంచెం దూకుడైనవి. ఉష్ణోగ్రత లక్ష్యాన్ని దాటి, కొన్నిసార్లు ఊగి గానీ నిలబడదు. అద్దకానికి అది ఎక్కువే. అందుకని యంత్రాన్ని ఊగించే పరీక్షను గుడ్డ, రంగు వేయకుండా ఉత్త నీటితో చేయండి. వచ్చిన అనుపాత గుణకాన్ని సగానికి తగ్గించి మొదలుపెట్టండి. గుడ్డ నింపాక యంత్రం నడక మారుతుంది కనుక, మొదటి విడత నడుస్తున్నంతసేపూ ఉష్ణోగ్రత గీతను గమనిస్తూ ఉండండి.