అరువు రేపు

కిరాణా కొట్లో గల్లాపెట్టె పైన వేలాడే అట్టముక్క మీరూ చూసే ఉంటారు. 'అరువు రేపు' అని రెండే రెండు మాటలు. రేపు వెళ్ళినా అదే అట్ట, అదే రేపు! అయితే ఆ అట్ట అందరికీ కాదండోయ్. వీధిలో సొంత ఇల్లున్న మాస్టారికీ, నెల జీతం వచ్చే గుమాస్తాగారికీ అదే కొట్లో పొడుగాటి ఖాతా పుస్తకం ఉంటుంది. కందిపప్పూ చింతపండూ పట్టుకెళ్ళి ఒకటో తారీకున లెక్క తేల్చుకుంటారు. ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాడికీ, కూలివాడికీ మాత్రం అట్టముక్కే గతి. ముందు డబ్బు, తరవాత సరుకు.

మొబైల్ ఫోన్ల చరిత్ర చదువుతుంటే నాకు ఈ అట్టముక్కే గుర్తొచ్చింది. పోస్ట్‌పెయిడ్ అంటే ఖాతా పుస్తకం. ప్రీపెయిడ్ అంటే అరువు రేపు. పరాయి దేశంలో విమానం దిగి, సామాన్ల బండి తోసుకుంటూ బయటికి రాగానే సిమ్ కార్డులమ్మే అమ్మాయి ఒకర్తె గాజు గదిలో కూర్చుని ఉంటుంది. ఆవిడ ముందు మనమందరం ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళమే. మన చదువూ, హోదా, హైదరాబాదులో ఉన్న ఫ్లాటూ అక్కడ చెల్లవు. ముందు డబ్బు కట్టాలి. కట్టాక మటుకు ఎవరూ ఏమీ అడగరు. ఈ రెండో సంగతి ఊరికే రాలేదు. దాని వెనకాల సుమారు ఇరవై ఏళ్ళ కథ ఉంది.

ఆ కథ మొదలైంది ఇటలీలో, చిల్లర కరువుతో. నవ్వకండి, నిజమే! 1970ల మధ్యలో ఆ దేశంలో చిల్లర నాణేలు దొరక్క జనం నానా అగచాట్లూ పడ్డారు. దుకాణాల వాళ్ళు చిల్లర బదులు పిప్పరమెంట్లు చేతిలో పెట్టేవారు. బ్యాంకులు చిన్న చిన్న చెక్కులు అచ్చువేసి చలామణీలోకి వదిలాయి. ఫోను బూతుల్లో వేయడానికి మధ్యలో గాడి ఉన్న బిళ్ళలు ఉండేవి. జనం వాటినీ డబ్బుగానే వాడేసుకున్నారు. కూరలు కొని ఫోను బిళ్ళ ఇచ్చి రావడమన్నమాట. ఇక బూతులో డబ్బుపెట్టె అంటే దొంగలకి పండగే కదా. ఈ బాధలన్నీ పడలేక 1976లో అక్కడ సీడా అనే కంపెనీ ఫోను కార్డు తయారుచేసింది. ముందే డబ్బిచ్చి కార్డు కొనుక్కోవాలి. మాట్లాడినకొద్దీ దాని విలువ తరిగిపోతుంది. 1982లో జపాన్ వాళ్ళూ అందుకున్నారు. కార్డుల మీద రంగు రంగుల బొమ్మలు వేసేసరికి జనం తపాలా బిళ్ళల్లాగా దాచుకోవడం మొదలెట్టారు. మాట్లాడటం అయిపోయిన కార్డు కూడా పారెయ్యబుద్ధి కాకపోవడం మనకి అర్థమవుతుంది లెండి. మన పాత పెళ్ళి శుభలేఖలు అటకమీద ఎన్ని లేవు!

అయితే ఈ కార్డుతో బూతు దగ్గరికి మనం నడిచి వెళ్ళాలి గాని, బూతు మన వెంట రాదు. వెంట వచ్చే ఫోను సంగతికొస్తే 1991 ముఖ్యమైన ఏడు. మ్యూనిక్ నగరంలోని గీసెక్ అండ్ డెవ్రియెంట్ అనే కంపెనీ మొదటి 300 సిమ్ కార్డులు ఫిన్లండులోని రేడియోలింజా వారికి అమ్మింది. జులై 1న ఆ దేశపు మాజీ ప్రధాని హర్రి హోల్కెరి కొత్త పద్ధతిలో మొదటి మొబైల్ కాల్ చేశారు. అవతల ఫోను ఎత్తింది ఎవరనుకున్నారు? తాంపెరె నగర ఉప మేయరు, కారినా సువోనియో అనే ఆవిడ. చరిత్ర పుస్తకాల్లో ఫోను చేసినవాళ్ళకి ఉన్నంత చోటు ఎత్తినవాళ్ళకి ఉండదు. అందుకని ఆవిడ పేరు కూడా ఇక్కడ రాసి పెడుతున్నాను.

సిమ్ కార్డు చేసిన గొప్ప పనేమిటంటే, నంబరునీ ఫోనునీ విడదీసింది. అంతకు ముందు పరికరం ఏదో నంబరూ అదే. ఇప్పుడు కంపెనీ మనల్ని గుర్తుపట్టే ఆనవాలు ఆ చిన్న బిళ్ళలో చేరింది. దాన్ని తీసి ఇంకో ఫోనులో పెడితే మనం అందులోకి కాపరం మారినట్టే. మొదట్లో ఈ కార్డు బ్యాంకు కార్డంత ఉండేది. తగ్గి తగ్గి 2012 నాటికి 12.3 మిల్లీమీటర్ల పొడుగు, 8.8 వెడల్పుకి దిగింది. దాదాపు మన బొట్టుబిళ్ళంత! రెండు సిమ్ములు పట్టే ఫోను లేని రోజుల్లో, పరాయి సిమ్ వేసుకుని మన దేశపు సిమ్‌ని నేను కుంకుమ భరిణెలో దాచేదాన్ని. ఏది పారేసుకున్నా దాన్ని పారేసుకోం కదా. ఇప్పుడు కొత్త ఫోన్లలో ఆ బిళ్ళ కూడా అక్కర్లేదు. 2022లో అమెరికాలో అమ్మిన కొత్త ఐఫోన్లకి సిమ్ పెట్టుకునే గూడే లేదు.

కాని 1991లోనూ, ఆ తరవాత నాలుగేళ్ళూ మొబైల్ అంటే ఖాతా పుస్తకమే. నెల జీతం చూపించాలి, బ్యాంకు కాగితాలు చూపించాలి, స్థిరమైన చిరునామా ఉండాలి. కంపెనీ వాళ్ళు మనల్ని ఎగాదిగా చూసి, 'వీళ్ళు బిల్లు ఎగ్గొట్టరు' అనుకుంటేనే కనెక్షను. కాలేజీ కుర్రాడికి ఇవ్వరు. వలస వచ్చినవాడికి ఇవ్వరు. పేరున బ్యాంకు ఖాతా లేని ఇల్లాలి సంగతి సరేసరి. మన దేశంలో 1995 జులై 31న జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న మంత్రి సుఖ్‌రామ్‌కి మొదటి మొబైల్ కాల్ చేశారు. అప్పట్లో మన దగ్గర ఫోను చేసినవాళ్ళే కాదు, ఎత్తినవాళ్ళు కూడా డబ్బు కట్టాలి. ఎవరైనా ఆప్యాయంగా పలకరిస్తే భయపడే రోజులవి.

సరిగ్గా ఆ ఏడాదే, సెప్టెంబరు నెలలో పోర్చుగల్ దేశంలో టీఎంఎన్ అనే కంపెనీ మొబైల్ ఫోనుకి ప్రీపెయిడ్ కార్డు తెచ్చింది. ఖాళీ అయితే మళ్ళీ నింపుకోవచ్చు. అలాంటిది ప్రపంచంలో అదే మొదలు. కార్డుకి వాళ్ళు పెట్టిన పేరు 'మీము'. వాళ్ళ భాషలో దానర్థం గారాబం! అప్పివ్వం పొమ్మనే వస్తువుకి గారాబం అని పేరు పెట్టినవాళ్ళ తెలివికి నమస్కారం పెట్టాలి. అన్నట్టు, పోర్చుగీసు వాళ్ళ మాటలు మన ఇళ్ళలో బోలెడున్నాయి. అల్మారా, ఇస్త్రీ, మేస్త్రీ, అనాస పండు... అన్నీ వాళ్ళ ఓడల్లో దిగినవే. ఇన్ని మాటలిచ్చినవాళ్ళు మాట్లాడుకోవడానికి కార్డు కూడా ఇచ్చారన్నమాట.

దీని కిటుకు ఏమిటంటే, లెక్క నెలాఖరున కాదు, మాట్లాడుతుండగానే జరిగిపోతుంది. మనం నంబరు నొక్కగానే, కంపెనీ కంప్యూటరు మన పద్దులో ఎంతుందో చూసి, ఉంటేనే కలుపుతుంది. మాట్లాడేకొద్దీ తీసుకుంటూ పోయి, అయిపోగానే గొంతు నొక్కేస్తుంది. 'ఇంకేమిటి విశేషాలు' అంటుండగా తెగిపోతుందే, అది అప్పుడన్నమాట. బిల్లు బాకీ పడే అవకాశమే లేదు కనుక జీతం ఎంతో, ఇల్లెక్కడో కంపెనీకి అనవసరం. నమ్మకం లేక కనిపెట్టిన పద్ధతి అది. చిత్రం చూడండి, నమ్మక్కర్లేకపోవడంతో ఎవరికైనా ఇచ్చెయ్యవచ్చునని తేలింది!

2019లో నేను లిస్బన్ వెళ్ళినప్పుడు ఆ గారాబాన్ని కళ్ళారా చూద్దామనుకున్నాను. ఆ పేరుగల కంపెనీ అప్పటికే లేదు, 2014లో పేరు మార్చేసుకుంది. దుకాణంలో అమ్మాయి యూరోలు తీసుకుని, సిమ్ ఇచ్చి, ఫోను గూడు తెరిచే సూది కోసం సొరుగులన్నీ వెతికింది. నేను చీర కుచ్చిళ్ళ దగ్గరి పిన్నీసు తీసి ఇచ్చాను. పని అయిపోయింది. నా పేరు కూడా అడగలేదు. అయిదు నిమిషాల్లో ఆ ఊళ్ళో నాకొక నంబరు. చెప్పొద్దూ, ఆ నంబరు కాగితం మీద రాసుకుంటుంటే నాకు చిన్నప్పుడు కొత్త నోటుపుస్తకం మీద పేరు రాసుకున్నట్టనిపించింది.

మన నంబరుతోనే తిరగొచ్చు కదా, అంటారేమో. దాన్నే రోమింగు అంటారు. అందులో ఒక మెలిక ఉంది. మనం ఇండియా సిమ్‌తో లిస్బన్‌లో ఉంటే, హైదరాబాదు నుంచి మావారు చేసిన ఫోను ముందు మన దేశపు కంపెనీకి వెళ్ళి, అక్కణ్ణుంచి సముద్రాలు దాటి మన దగ్గరికొస్తుంది. మొదటి సగానికి ఆయన కడతారు. రెండో సగం మన నెత్తిన. యూరపు వాళ్ళకీ ఇదే బాధ. అక్కడ రెండు గంటలు రైలెక్కితే ఇంకో దేశం. సరిహద్దు దాటగానే ఫోను ధర ఆకాశానికంటేది. లక్సెంబర్గు నుంచి వచ్చిన వివియన్ రెడింగ్ అనే కమిషనరు ఈ కంపెనీల మీద పట్టుబట్టింది. 2007లో వచ్చిన నిబంధన ప్రకారం, పన్నులు కాక, ఫోను చేస్తే నిమిషానికి 49 సెంట్లు, ఎత్తితే 24 సెంట్లు మించకూడదన్నారు. 2017 జూన్ 15 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య ఆ అదనపు వడ్డింపే ఎత్తేశారు. అందువల్ల లిస్బన్‌లో కొన్న సిమ్ రోములోనూ పలుకుతుంది. నెలల తరబడి ఉండిపోతే తప్ప మాట్లాడరు.

యూరపు సంగతి అలా ఉంచి అమెరికా కొద్దాం. పురుళ్ళకని వెళ్ళే మన తల్లులకి ఈ కార్డు ఏమిచ్చిందో మా పెద్దొదిన వల్ల నాకు తెలిసింది. 2011లో ఆవిడ కూతురి పురిటికి డాలస్ వెళ్ళింది. అల్లుడు బుద్ధిమంతుడు. దిగిన రోజే తమ ఫ్యామిలీ ప్లానులో ఆవిడకీ ఒక ఫోను పెట్టించాడు. రెండు నెలలు గడిచాయో లేదో మా మేనకోడలు నాకు ఫోను చేసి ఏడ్చినంత పని చేసింది.

"అత్తయ్యా, అమ్మ ఏం చేసిందో తెలుసా? గుళ్ళో పరిచయమైన ఆవిడతో వెళ్ళి డబ్బులు కట్టి సొంతంగా ఫోను కొనుక్కొచ్చింది. మేం ఏం తక్కువ చేశామత్తయ్యా? అడగండి మీరే!"

అడిగాను. వదిన చాలాసేపు మనవడి ఉగ్గు గురించీ, అక్కడి పాల చిక్కదనం గురించీ చెప్పి, చివరికి అసలు సంగతికి వచ్చింది.

"వాళ్ళేమీ అనలేదు. దేవుడిలాంటి పిల్లలు. నెలకోసారి అల్లుడు ఆ బిల్లు తెరుస్తాడు. ఎవరికి చేశాం, ఎన్ని నిమిషాలు, అంతా వరసగా ఉంటుంది దాంట్లో. మా అక్కయ్య కూతురితో నలభై నిమిషాలు ఏం మాట్లాడానో నాకే గుర్తుండదు. అతను చూడకపోయినా, చూస్తాడేమోనని నేను గడియారం చూసుకుంటూ మాట్లాడాలి. ఇది నా డబ్బు. అయిపోతే ఊరుకుంటాను."

పోపులడబ్బాలో దాచుకున్న డబ్బు సంగతి తెలిసినవాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఇరవై అయిదు డాలర్ల ఫోను అది. కరీంనగర్, నిజామాబాద్ నుంచీ, కోనసీమ నుంచీ గల్ఫుకి వెళ్ళినవాళ్ళని అడిగినా ఇలాగే చెబుతారు. నలుగురైదుగురు ఒకే గదిలో ఉండే చోట, అరబ్బు యజమాని ఇంట్లో వంట చేసే చోట, తనది అని చెప్పుకోడానికి ఉండేది ఆ నంబరొకటే. ఉత్తరం రాయడం రాక కేసెట్లలో మాటలు పట్టి పంపుకున్న తరం తరవాత, కార్డు గీకి నంబర్లు నొక్కే తరం వచ్చింది. ఎవరి ఖాతాలోనూ ఎక్కనివాళ్ళకి అది దొరికింది.

కట్టాక ఎవరూ ఏమీ అడగరన్నాను గదా, అది అన్ని దేశాల మాటా కాదు. పోర్చుగల్ పక్కింటి మాట వేరు. 2004 మార్చి 11 పొద్దున్న మాడ్రిడ్‌లో పనులకి వెళ్ళే జనంతో కిక్కిరిసిన రైళ్ళలో బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయారు. పేలని సంచి ఒకటి దొరికింది. అందులో ఒక మొబైల్ ఫోను. ఫోనులో ప్రీపెయిడ్ సిమ్. ఆ సిమ్ ఏ దుకాణంలో అమ్ముడైందో తీగ లాగి పోలీసులు డొంకంతా కదిలించారు. పేరూ ఊరూ అడక్కుండా ఇచ్చిన కార్డు అలాంటి పనికీ వచ్చిందని దేశమంతా ఉలిక్కిపడింది. 2007లో స్పెయిన్ చట్టం చేసింది. ప్రీపెయిడ్ కార్డు కొనేవాళ్ళెవరైనా గుర్తింపు చూపించాల్సిందే. 2009లో గడువు పెట్టి పాత కార్డుల వాళ్ళనీ నమోదు చేయించుకోమన్నారు. జర్మనీ 2017లో అదే దారి పట్టింది. మన దేశం సంగతి మీకు తెలుసు, విదేశీయులు వస్తే పాస్‌పోర్టూ, వీసా, ఫొటో అన్నీ ఇవ్వాలి. ఆ రైళ్ళలో పోయినవాళ్ళని తలుచుకుంటే చట్టాన్ని తప్పు పట్టలేను. కాని దుకాణంలో పాస్‌పోర్టు చూపించడానికి వీల్లేనివాళ్ళు కూడా లోకంలో ఉన్నారు. గల్ఫులో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళలో ఎందరి పాస్‌పోర్టులు యజమాని బీరువాలో ఉంటాయో పేపరు చదివేవాళ్ళకి కొత్త కాదు. వాళ్ళకి మళ్ళీ ఆ అట్టముక్క కూడా కరువే.

నేను మాడ్రిడ్ వెళ్ళింది లిస్బన్ కంటే ముందే, 2014లో. సిమ్ కోసం దుకాణానికి వెళితే, కుర్రాడు పాస్‌పోర్టు తీసుకుని కంప్యూటర్లో గళ్ళు నింపడం మొదలెట్టాడు. పేరు అయింది. ఇంటిపేరు అయింది. తరవాత ఇంకో గడి.

"రెండో ఇంటిపేరు?" అన్నాడు.

వాళ్ళకి ఇంటిపేర్లు రెండుంటాయట. తండ్రి వైపుది ఒకటి, తల్లి వైపుది ఒకటి. పెళ్ళయినా ఆడపిల్ల రెండూ అట్టే పెట్టుకుంటుందని చెప్పాడు. నేను మా పుట్టింటి పేరు చెప్పాను, స్పెల్లింగు కూడా చెప్పాను. అతను పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో లేనిది రాయకూడదన్నాడు. ఆ గడిలో అడ్డగీత ఒకటి కొట్టి సిమ్ చేతిలో పెట్టాడు.